రొయ్యల పలావు ఒకే గిన్నెలో: రొయ్య రబ్బరు కాకుండా, అన్నం ముద్ద కాకుండా

మీ ప్రశ్న ఇదీ కదా: ఇచ్ఛాపురంలో మీ అమ్మమ్మగారు ఒకటే గిన్నెలో రొయ్యల పలావు వండేవారు. మీరు ఉద్యోగానికి ఒడిశాలోని రాయగడ వచ్చి, ఆవిడలాగే అన్నీ ఒకేసారి వేసి వండుతుంటే రొయ్యలు రబ్బరు ముక్కల్లా అవుతున్నాయి, అన్నం ముద్దవుతోంది, అంత డబ్బు పోసి కొన్నా అన్నానికి రొయ్య రుచి పట్టడం లేదు. రొయ్యలు ముందు వేయాలా చివర వేయాలా, ఎసరు ఎంత పోయాలి అని అడిగారు.

ముందు జవాబు చెప్పేస్తాను. రొయ్య గిన్నెలోకి రెండుసార్లు వెళ్ళాలి. మొదట నూనెలో ఒక్క నిమిషం, మళ్ళీ చివర్లో అన్నం దాదాపు ఉడికాక. మధ్యలో పావుగంట పైనే అది బయట ఉండాలి. అన్నానికి రుచి ఇచ్చేది రొయ్య కండ కాదండీ, దాని తలా పెంకులూ. వాటిని వేయించి కాచిన నీళ్ళే ఎసరుగా పోయాలి. కొలత అంటారా, పాత సోనా మసూరి అరగంట నానబెట్టి నీళ్ళు వార్చేశాక, గ్లాసు బియ్యానికి ఒకటిముప్పావు గ్లాసు. కొత్త బియ్యమైతే ఒకటిన్నరకి మించొద్దు.

మాది బరంపురం. పెళ్ళయి వచ్చి ఇరవై ఆరేళ్ళు. అందులో పద్నాలుగేళ్ళు ఇంటి ముందు గదిలోనే మెస్ నడిపాను, ఆదివారం ఆదివారం రొయ్యల పలావు పెట్టేదాన్ని. మీరు చేసిన తప్పు నేనూ చేశాను, అదీ మొదటిసారి అత్తారింట్లో, చుట్టాల ముందు.

మా అత్తగారి పుట్టిల్లు గోపాలపూర్ ఒడ్డున పల్లె. ఒడియావాళ్ళు నోలియాలు అంటారే, ఆ వాడబలిజ కుటుంబం. పలావు ఎలా చేస్తావు అత్తయ్యా అంటే, “ఏటుందే అందులో, అన్నీ ఏసి మూత ఎట్టీడమే” అంది. సరే అని నేను అన్నీ వేసి మూత పెట్టేశాను. తిన్నవాళ్ళు మొహమాటానికి బాగుంది అన్నారు గానీ, పళ్ళాల అంచున రొయ్యలు వరసగా మిగిలాయి. తరవాత ఆవిడ వండేటప్పుడు పక్కనే నిలబడి చూశాను. నూనెలో రొయ్యలు వేసి, అటూ ఇటూ ఒకసారి తిప్పి, మాట్లాడుతూనే అట్లకాడతో తీసి తిరగేసిన మూతలో పోసింది. తరవాత ఉల్లిపాయలు, బియ్యం, ఎసరు. నీళ్ళు ఇంకి అన్నం మీద కన్నాలు పడ్డాక పొయ్యిలో కట్టెలు బయటికి లాగేసి, మూతలోని రొయ్యలూ, వాటి కింద ఊరిన రసమూ లోపలికి ఒంపి, అదే మూత బోర్లించింది. ఇది నాకు చెప్పలేదేం అంటే, “తీసింది మళ్ళా ఏసేను కదే!” అంది. ఆవిడ లెక్కలో అది ఒకేసారి వేయడమే.

మీ అమ్మమ్మగారిదీ ఇలాంటిదే అయి ఉంటుంది. పొయ్యి మీద ఒకటే గిన్నె ఉండటం మీరు చూశారు, మధ్యలో ఆవిడ చేతులు ఏం చేశాయో చిన్నపిల్లలకి ఎక్కడ కనపడుతుంది!

కారణం పెద్ద రహస్యమేం కాదు. బియ్యానికి పావుగంట పైన కావాలి, ఒలిచిన మధ్యరకం రొయ్యకి మూడు నిమిషాలు చాలు. రొయ్య కండలో కొవ్వు నామమాత్రం. వేడి ఎక్కువసేపు తగిలితే మాంసకృత్తులు బిగుసుకుపోయి లోపలి నీళ్ళన్నీ బయటికి నెట్టేస్తాయి. మిగిలేది రబ్బరు. పైగా ఆ నీళ్ళు మీరు కొలిచి పోసిన ఎసరులో కలుస్తాయి. అందుకే మీ గిన్నెలో రొయ్య గట్టిపడటం, అన్నం ముద్దవటం రెండూ ఒకేసారి జరుగుతున్నాయి. రెండు జబ్బులు కావు, ఒకటే.

ఉడికిందో లేదో గుర్తుపట్టడానికి మా మెస్‌లో పనిచేసే అమ్మాయికి ఇలా నేర్పాను: రొయ్య అరసున్నలా ఒంగితే ఉడికినట్టు, నిండు సున్నలా చుట్టుకుంటే చెడినట్టు. మొదటిసారి నూనెలోంచి తీసేటప్పుడు అరసున్న కూడా పూర్తిగా రాకూడదు. పైన గులాబీ రంగు తిరిగి, వీపు దగ్గర ఇంకా గాజులా కొంచెం కనపడుతుండాలి. పచ్చిగా ఉందని భయపడకండి, మిగతా ఉడుకు ఆవిరి చూసుకుంటుంది.

ఇప్పుడు బజారు సంగతి. మీరుండేది రాయగడ కాబట్టి ఇది ఇంకా ముఖ్యం. మాకు ఇక్కడ సముద్రం రొయ్య, రంభ, బాలుగావ్ వైపు నుంచి చిలిక సరస్సు రొయ్య తెల్లారేసరికి వస్తాయి. మీకు వచ్చేది ఐసు పెట్టెలో, ఎక్కువగా చెరువుల్లో పెంచిన వనామీ. 2009లో మన దేశంలో దాని పెంపకానికి అనుమతి ఇచ్చాక ఎక్కడ చూసినా అదే. వనామీ అని తక్కువ చూడక్కర్లేదు, తాజాగా ఉంటే పలావుకి భేషుగ్గా సరిపోతుంది. చిలిక రొయ్యకి ఉప్పునీళ్ళూ మంచినీళ్ళూ కలిసిన సరస్సు వల్ల ఒక తీపి ఉంటుంది, అది వేరే. మా మామగారు చెప్పేవారు, 2000లో చిలికకి సముద్రంలోకి కొత్త ముఖద్వారం తవ్వకముందు కొన్నేళ్ళు ఆ రొయ్య కళ్ళ చూడటమే గగనమైందని. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవల వేట ఆపుతారు కాబట్టి ఆ రెండు నెలలూ మాకూ చాలావరకు చెరువు సరుకే గతి.

ఒడియా బేరగాడి దగ్గర చింగుడి అని అడగండి. తలతో ఉన్నవే కొనండి, ఒలిచినవి వద్దు. ఒలిచి అమ్మేదాంట్లో అసలు రుచి ముందే చెత్తబుట్టలోకి పోయింది. తల మెడ దగ్గర గట్టిగా అతుక్కుని ఉండాలి, వేలాడితే వదిలేయండి. ముక్కు దగ్గర పెట్టుకుంటే సముద్రం వాసన రావచ్చు, ముక్కుకి ఘాటుగా కొట్టకూడదు. తల నల్లబడి, కండ గట్టిగానే ఉంటే కొనవచ్చు గానీ ఆ తలలు ఎసరుకి వాడకండి, పెంకులు మాత్రం వాడుకోండి. సైజు కిలోకి ముప్పై నలభై తూగేవి పలావుకి బాగుంటాయి. కిలో తెస్తే ఒలిచాక అరకిలో పైచిలుకు వస్తుంది. అది అరకిలో బియ్యానికి సరిగ్గా సరిపోతుంది. నలుగురైదుగురు తినవచ్చు.

ఐసు సరుకు గురించి ఒక దెబ్బ తిన్న కథ. బంధువుల ఇంట్లో బారసాలకి నాలుగు కిలోల బియ్యం పలావు ఒప్పుకున్నాను. రొయ్యలు పెట్టెలో ఎవరో తెచ్చి ఇచ్చారు. ఆ ఐసులో ఉప్పు కలిపి ఉందని నాకు తెలియదు. నా అలవాటు ప్రకారం ఉప్పు వేశాను. నోట్లో పెట్టుకోలేకపోయారు. అప్పటికప్పుడు రెండు కిలోల తెల్లన్నం ఉప్పు లేకుండా వండి కలిపి, పక్కన పెరుగుచట్నీ ఎక్కువ పెట్టి గండం గట్టెక్కించాం. అప్పటినుంచి ఐసు రొయ్య ఏదైనా సరే, ఒకటి ఒలిచి, ఉప్పు వేయకుండా పెనం మీద కాల్చి తిని చూశాకే మిగతావాటికి ఉప్పు పట్టిస్తాను.

ఒలిచాక వీపు చీల్చి నల్ల నరం తీసేయండి. కాస్త ఉప్పు, పసుపు వేసి చేత్తో మెల్లగా రుద్ది రెండుసార్లు కడిగి, జల్లెడలో వేసి నీళ్ళు పూర్తిగా ఓడనివ్వండి. తడి రొయ్య నూనెలో వేగదు, ఉడుకుతుంది. తరవాత పసుపు, చెంచాడు కారం, అర చెంచా ఉప్పు పట్టించి పది నిమిషాలు చాలు. కోడి మాంసానికి చేసినట్టు పెరుగులోనో నిమ్మరసంలోనో గంటలు నానబెట్టకండి. పులుపుకే రొయ్య పైన ఉడికినట్టు తెల్లబడి బిగిసిపోతుంది. మీరు అది కూడా చేస్తున్నారేమోనని నాకు అనుమానం.

ఇక ఎసరు. పలావు ప్రాణం అంతా ఇక్కడే. తలల్లో కళ్ళ వెనకాల చిన్న నల్లటి సంచీలాంటిది ఉంటుంది, అది గిల్లి పారేయండి, లేకపోతే చేదొస్తుంది. అడుగు మందంగా ఉన్న గిన్నెలో రెండు చెంచాల నూనె వేడిచేసి తలలూ పెంకులూ వేయండి. మొదట నీచు వాసన గుప్పుమంటుంది, కిటికీ తెరవండి. మూడు నాలుగు నిమిషాలకి ఆ వాసన పోయి, వేయించిన వేరుశనగ దగ్గరికి వచ్చే ఒక కమ్మటి వాసన మొదలవుతుంది. పెంకులు ఎర్రబడతాయి, నూనె కుంకుమ రంగు తిరుగుతుంది. ఆ ఎరుపు పెంకులో ముందునుంచీ ఉన్నదే, పచ్చిగా ఉన్నప్పుడు ఒక ప్రోటీన్‌ని పట్టుకుని నీలంగా, బూడిదగా కనపడుతుంది. వేడికి ఆ పట్టు వదిలి బయటపడుతుంది. అది నూనెలో కరిగే రంగు. అందుకే ఊరికే నీళ్ళలో ఉడకబెడితే అంత రాదు, ముందు నూనెలో వేయించాలి.

అప్పుడు పప్పుగుత్తితో తలల్ని నలగ్గొట్టండి. తలలోని కొవ్వు పసుపుపచ్చగా బయటికొస్తుంది. లీటరున్నర నీళ్ళు పోసి, ఒక ఉల్లిపాయ చీలిక, నాలుగు మిరియాలు వేసి సన్న సెగ మీద ఇరవై నిమిషాలు. అంతకంటే ఎక్కువ మరగబెడితే పిండి పిండిగా సుద్ద రుచి వస్తుంది. పలచటి బట్టలో వడకట్టండి. టీ వడపోత చాలదు, ఒకసారి నేను బద్ధకించి దాంతోనే కానిచ్చేస్తే ఒక పిల్లాడి గొంతులో రొయ్య మీసం గుచ్చుకుంది, వాళ్ళమ్మ చూసిన చూపు ఇంకా గుర్తుంది నాకు.

ఈ ఎసరు పక్క గిన్నెలో పోసి పెట్టుకోవాలి కదా, మరి ఒకే గిన్నె ఎలా అయింది అంటారేమో. ఒకే గిన్నె అంటే వండే గిన్నె మారకూడదని. తలలు వేగిన అడుగులోనే రొయ్యలు, అదే అడుగులో ఉల్లిపాయలు, అందులోనే అన్నం. గిన్నె మధ్యలో కడిగారో, ఆ అడుగున అంటిన రుచి సింకులో పోసినట్టే.

బియ్యం. మన ఆంధ్రా వైపు నుంచి వచ్చినవాళ్ళు ఇక్కడ మొదట బోల్తా పడేది ఇక్కడే. ఒడిశా దుకాణాల్లో బియ్యం రెండు రకాలు: అరువా అంటే పచ్చి బియ్యం, ఉసునా అంటే ఉప్పుడు బియ్యం. పలావుకి అరువా అని నోరు తెరిచి అడగాలి. ఉసునా రోజూ తినడానికి మంచిదే, చద్దన్నానికి దాన్ని మించింది లేదు. కానీ ఎసరు తాగడంలో దాని పద్ధతి వేరు, మసాలా పట్టదు. అరువాలోనూ ఏడాది పాత బియ్యం చూసుకోండి. కొత్త బియ్యంలో తేమ ఎక్కువ, మీరు పోసే నీళ్ళకి అది తోడవుతుంది.

మీకు అక్కడ ఇంకో సౌకర్యం ఉంది. పక్క జిల్లా కొరాపుట్‌లో పండే కాలాజీరా బియ్యం. పొట్టి గింజ, వండుతుంటే వీధంతా ఘుమఘుమ. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. రొయ్యకి అది మహా జోడీ, నా మటుకు నాకు బాస్మతి కన్నా అదే ఇష్టం. బాస్మతి సువాసన రొయ్యని తొక్కేస్తుంది. కాలాజీరాని పదిహేను నిమిషాలే నానబెట్టి, గ్లాసుకి గ్లాసున్నర ఎసరు పోయండి.

ఇక వంట. గిన్నెలో నాలుగు చెంచాల నూనె, చెంచాడు నెయ్యి. ఇక్కడ వాడకంలో ఉండే ఆవనూనెతో చేస్తే ఘాటు పైకి తేలుతుంది, అదే ఉంటే మాత్రం పొగ వచ్చేదాకా కాచి చల్లార్చి వాడండి. నూనె బాగా కాగాక రొయ్యలు ఒక వరసగా పరవండి, ఒకదాని మీద ఒకటి పోయకండి. అర నిమిషం ఒక పక్క, అర నిమిషం ఇంకో పక్క. తీసి పళ్ళెంలో పెట్టండి. అదే నూనెలో రెండు యాలకులు, నాలుగు లవంగాలు, వేలెడు దాల్చినచెక్క, బిర్యానీ ఆకు. అనాసపువ్వు, మరాఠీ మొగ్గ, జాపత్రి అన్నీ వేసి గరం మసాలా గుప్పిస్తే అది ఏ మాంసం పలావో తెలియకుండా పోతుంది. మూడు ఉల్లిపాయలు సన్నగా చీల్చి బంగారు రంగు దాకా వేయించి, ఆరు పచ్చిమిర్చి, చెంచాన్నర అల్లం వెల్లుల్లి ముద్ద, గుప్పెడు పుదీనా. టమాటా ఒక్కటి, చిన్నది. నూనె పక్కలకి తేలాక బియ్యం వేసి గరిటె వెనకతో మెల్లగా రెండు నిమిషాలు తిప్పండి.

అరకిలో బియ్యం చిన్న గ్లాసుతో కొలిస్తే మూడు గ్లాసులు వస్తుంది, దానికి ఐదుంపావు గ్లాసుల ఎసరు. అది మరుగుతూ ఉండాలి, చల్లటిది పోయకండి. ఉద్దానం కొబ్బరి దొరికితే ఒక గ్లాసు ఎసరు తగ్గించి గ్లాసు కొబ్బరిపాలు పోయండి, కానీ పాలు కూడా లెక్కలోనివే, అదనం కాదు. అన్నం ముద్దయిందని నాకు చెప్పేవాళ్ళలో సగం మంది ఈ గ్లాసు దగ్గరే తప్పుతారు. ఎసరు ఒక చుక్క నాలిక మీద వేసుకుంటే కూరకంటే ఒక పిసరు ఉప్పగా ఉండాలి.

పెద్ద మంట మీద మూత లేకుండా ఉడకనివ్వండి. ఆరేడు నిమిషాలకి నీళ్ళు అన్నంతో సమానమై పైన పీతల బొరియల్లా కన్నాలు పడతాయి. అప్పుడు గిన్నె కింద పెనం పెట్టి, మూత వేసి, సెగ బాగా తగ్గించి ఐదు నిమిషాలు. మా అత్తగారు కన్నాలు పడగానే రొయ్యలు వేసేది, ఎందుకంటే కట్టెలు లాగేశాక ఆవిడ పొయ్యిలో నిప్పులు మాత్రమే ఉండేవి, వేడి నిమిషనిమిషానికీ తగ్గేది. గ్యాసు పొయ్యి అలా తగ్గదు. అందుకే మీరు ఆ ఐదు నిమిషాలూ ఆగి, గింజ నలిపితే మధ్యలో సన్నటి పలుకు తగులుతున్నప్పుడు మూత తీసి రొయ్యలు పైన పరిచి, పళ్ళెంలో ఊరిన రసం చుట్టూ పోసి, కొత్తిమీర చల్లి మళ్ళీ మూయండి. రెండు నిమిషాలు ఉంచి పొయ్యి ఆపేయండి. పది నిమిషాలు మూత ముట్టుకోకండి. తరవాత అంచు నుంచి గరిటె దింపి కింద అన్నం పైకి తిప్పండి.

కిలోకి పదిహేను తూగే పెద్ద టైగర్ రొయ్యలైతే ఈ లెక్క మారుతుంది. కన్నాలు పడగానే వేసేయవచ్చు. మరీ చిన్నవైతే మొదట వేయించడమే అక్కర్లేదు, పొయ్యి ఆపే ముందు వేస్తే చాలు. కుక్కర్ గురించి అడుగుతారని ముందే చెప్తున్నా: ఎసరుతో అన్నం మాత్రం ఒక విజిల్ రానిచ్చి, ఆవిరి పోయాక మూత తీసి, వేయించిన రొయ్యలు వేసి మూసి పెట్టండి. రొయ్యతో కలిపి విజిల్ వేయిస్తే మళ్ళీ మీ రబ్బరే.

భోజనానికి పిలిచినవాళ్ళలో రొయ్య పడనివాళ్ళు ఉన్నారేమో ముందే కనుక్కోండి. రొయ్యలు ఏరేసి ఉత్త అన్నం పెడితే సరిపోదు, ఎసరంతా రొయ్యే కదా. కొందరికి పెదాలు వాచి ఊపిరాడనంత ప్రమాదం అవుతుంది. వాళ్ళకి వేరే గిన్నె, వేరే గరిటె.

ధర గురించి ఒక చిట్కా, సరిహద్దులో ఉన్నందుకు మనకి దక్కే లాభం. ఒడియావాళ్ళ కార్తీకం పున్నమితో అయిపోతుంది. ఆ నెలంతా, ముఖ్యంగా చివరి ఐదు రోజులు పంచుకలో, చాలా ఇళ్ళలో నీచు ముట్టరు. మన కార్తీకం దీపావళి అమావాస్య దాటాక గానీ మొదలవదు. అంటే వాళ్ళ నెల మొదటి సగంలో వాళ్ళు మానేసి ఉంటారు, మనకి ఇంకా అడ్డు లేదు. నేను ఆ పదిహేను రోజుల్లో నింపాదిగా బేరమాడి కొంటాను. పున్నమి మర్నాడు ఛాడఖాయి, అంటే వాళ్ళు మళ్ళీ నీచు ముట్టే రోజు, ఆరోజు ఊరు ఊరంతా చేపల బజారులోనే ఉంటుంది. ఆ రోజు మాత్రం సంచీ పట్టుకుని వెళ్ళకండి.

మిగిలిన పలావు ఫ్రిజ్‌లో పెడితే మర్నాడు రొయ్యలతో కలిపి వేడి చేయకండి. రొయ్యలు ఏరి పక్కన పెట్టి, అన్నం మీద రెండు చెంచాల నీళ్ళు చిలకరించి మూతపెట్టి పొగలు వచ్చేదాకా వేడిచేసి, పొయ్యి ఆపే ముందు రొయ్యలు కలిపి, అవీ పొగలు కక్కే వేడయ్యేదాకా ఒక నిమిషం మూత పెట్టండి. మళ్ళీ వండినప్పుడు ఏ బియ్యం వాడారో, ఎన్ని గ్లాసులు పోశారో రాయండి, ఇంకా ముద్దవుతుంటే ఎక్కడ తగ్గించాలో చెప్తాను.